ఐదో నంబరు సీసా

అక్టోబరు 12, ఆదివారం

మా నాన్నని కూడా వదల్లేదు వాడు.

అదే రోజు, సాయంత్రం

పొద్దున్న ఆ ఒక్క ముక్క రాసి డైరీ మూసేశాను. ఇప్పుడు మొదటినుంచీ రాస్తాను.

శరణ్య వాట్సాప్‌లో పంపింది. "అక్కా, పత్రికల మా ఆయనది మూడోది వచ్చింది, చదివి చెప్పండి" అని. ఇంగ్లీషు పత్రిక, నెలకోసారి రెడ్ వైన్ల గురించి ఒక పేజీ. పైన ఆవిడ భర్త పృథ్వీరాజ్ ఫొటో. నల్లకోటు, చేతిలో గ్లాసు, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మొదటి రెండూ నేను చూడనే లేదు. వెతికి మూడూ వరసగా చదివాను.

నేరేడు పళ్ళు తిని అద్దంలో చూసుకున్న నాలుక. ఆ పోలిక నాది, నా వైన్ నోట్సు పుస్తకంలోది. మేడ మీద ఎండకి పెట్టిన మాగాయ ముక్క. అదీ నాదే. కొత్త పలకని తడిబట్టతో తుడిచినప్పటి వాసన. నాదే. అన్నీ ఇంగ్లీషులోకి తిప్పాడు, బాగానే తిప్పాడు, తిప్పడం ఎలాగుంటుందో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

చివర్లో ఇది ఉంది: "ఈ వైన్ గ్లాసులో పోయగానే, మా నాన్న పొగాకు బేరన్ తలుపు తీసినప్పుడు మొహానికి కొట్టే వేడిగాలి గుర్తొచ్చింది."

వాళ్ళ నాన్న కరీంనగర్ డిపోలో బస్సు కండక్టరు. పృథ్వీరాజే చెప్పాడు నాకు, కిందటేడు. జంగారెడ్డిగూడెం పక్కన మూడెకరాల్లో పొగాకు వేసి, ఆకుని వేడిమీద ఆరబెట్టే బేరన్‌లో వేడి ఎక్కువైతే ఆకు నల్లబడుతుందని గంటగంటకీ లేచి చూసుకున్నది మా నాన్న. ఆయన పేరు కనకయ్య. ఆ తలుపు తీసినప్పుడు పక్కన నిలబడ్డ పిల్లని నేను.

మా ఆయన సదాశివరావు గారు నా మొహం చూసి, "ఏమైందోయ్, పేపర్లో ఎవరైనా పోయారా?" అన్నారు.

"లేదండీ" అన్నాను.

అక్టోబరు 13, సోమవారం, ఆఫీసులో లంచ్

ఇరవై ఆరేళ్ళుగా నేను చేసే ఉద్యోగం ఇదే. ప్రభుత్వ పథకాలూ ప్రకటనలూ తెలుగులోకి తేవడం. ఎక్కడా నా పేరుండదు. ఉండాలనీ అనుకోలేదు. మాట వాళ్ళది, నేను దానికి తెలుగు చొక్కా తొడుగుతాను, అంతే.

ఆ నోట్సు పుస్తకం అలాంటిది కాదు. మూడేళ్ళ క్రితం మా ఆయన పై ఆఫీసరు రిటైర్మెంటు పార్టీలో ఎవరో బలవంతం చేసి ఒక గ్లాసు చేతిలో పెట్టారు. మొహమాటానికి వాసన చూశాను. నేరేడు చెట్టు కింద నిలబడ్డట్టు అయింది. ఢిల్లీలో మా జనక్‌పురి ఫ్లాట్‌కి వచ్చేదాకా ఆటోలో ఒక్కమాట మాట్లాడలేదు నేను. మర్నాడు పొడుగాటి పుస్తకం కొన్నాను. నూటపన్నెండు రెడ్ వైన్లు, ఒక్కోదానికి ఒక పేజీ, వందకి మార్కులు. నాకు యాభై ఏళ్ళకి దొరికింది, నాకోసమే రాసుకున్నది, అదొక్కటే.

ఫిబ్రవరిలో ఆ పుస్తకం పృథ్వీరాజ్‌కి ఇచ్చాను. "టైపు చేయిస్త మేడమ్, మన వైన్ గ్రూపు అందరికీ పనికొస్తది" అన్నాడు. రెండు వారాలు ఉంచుకుని తెచ్చిచ్చాడు. టైపు సంగతి నేను మళ్ళీ అడగలేదు.

అక్టోబరు 14

పత్రిక ఎడిటరుకి మెయిల్ రాశాను. పంపలేదు. భయం వల్ల కాదు.

అక్టోబరు 16

మెయిల్ తీసేశాను. ఏం రుజువు చూపిస్తాను? నా చేత్తో నేను రాసుకున్న తెలుగు, నేనే వేసుకున్న తేదీలు. "మేడమ్, బేరన్ అంటే ఏమిటి?" అని అడుగుతారు. సాక్ష్యానికి మా నాన్న లేడు.

అయినా నాకంత కోపం ఏం లేదు. తీరిగ్గా ఆలోచించాలి.

అక్టోబరు 21

దీపావళి అయిపోయింది. ఊరంతా పొగ. కిటికీలు మూసి నాసిక్ షిరాజ్ వైన్ సీసా ఒకటి తీశాను. మతాబుల మసి తప్ప ఇంకే వాసనా లేదు. మార్కులు వేయలేదు.

సింకులో పారబోస్తూ అనుకున్నాను, వాడి ముక్కు పడిపోవాలి అని. పైకే అన్నాను. వంటింట్లో ఎవరూ లేరు.

నవంబరు 1, శనివారం

ఇవాళ మా గ్రూపు. ఎప్పటిలాగే గుర్‌గావ్‌లో పృథ్వీరాజ్ ఫ్లాట్. ఎనిమిది మందిమి, నాలుగు సీసాలు. నేను నవ్వుతూనే ఉన్నాను, శరణ్య చేసిన సకినాలు బాగున్నాయన్నాను.

సీసా తెరవగానే నా వైపు తిరిగాడు. ఎప్పుడూ ముందు నన్నే అడుగుతాడు. "ఏమంటరు మేడమ్?"

ఇన్నాళ్ళూ అది గౌరవం అనుకున్నాను.

గ్లాసులో ఉన్నది పల్చటి వైన్, వాసన శుద్ధ స్ట్రాబెర్రీ. నేను గ్లాసు తిప్పి, తిప్పి, "తోలు. మిరియాలు. పాత చెప్పుల షాపు" అన్నాను.

"ఎగ్జాక్ట్లీ!" అన్నాడు. అక్కడినుంచి అందుకున్నాడు. తోలు అంటే ఎలాంటి తోలో, మిరియాలు నల్లవో తెల్లవో, పది నిమిషాలు. స్కూల్లో లెక్కలు చెప్పే గౌరి పాపం మెల్లగా, "నాకు స్ట్రాబెర్రీలా ఉంది సార్" అంది. "నీ ముక్కు ఇంకా చిన్నపిల్ల, గౌరీ" అన్నాడు. అందరూ నవ్వారు.

మెట్రోలో వస్తూ నవ్వుకున్నాను. ఎదురు సీట్లో ఆవిడ నన్నే చూస్తోంది. మార్కులు: వైన్‌కి 84. నాకు 97.

నవంబరు 8, శనివారం

ముప్పయ్యో తారీఖు పని గురించి మాట్లాడాలని పృథ్వీరాజ్ పిలిస్తే వాళ్ళింటికి వెళ్ళాను. గుర్‌గావ్‌లో కొత్తగా తెరవబోయే హోటల్ వాళ్ళు తమ వైన్ల ఎంపికకి సలహాదారు కోసం చూస్తున్నారు. ముగ్గురు వస్తారు. ఆరు రెడ్ వైన్లు, సీసాలకి ఖాకీ కాగితం చుట్టి, నంబర్లు వేసి, వాళ్ళ ముందు పృథ్వీరాజ్ రుచి చూసి చెప్పాలి. వేసవిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేశాడు కదా, ఇది రాకపోతే ఆ నల్లకోటు ఎందుకు?

శరణ్య పాలు పొయ్యి మీద పెట్టి కిందికి పార్సిల్ కోసం వెళ్ళింది. వంటిల్లూ హాలూ ఒకటే వాళ్ళకి, మధ్యలో గోడ లేదు. అతను పొయ్యికి వీపు పెట్టి కూర్చున్నాడు. పాలు పొంగాయి. తర్వాత మాడాయి. నేను లేవలేదు. ఎప్పుడు లేస్తాడో చూద్దామని కూర్చున్నాను.

లేవలేదు. ఇటలీ ద్రాక్షల గురించి చెబుతూనే ఉన్నాడు. మాడు కంపు నా గొంతులోకి దిగుతోంది, కళ్ళు మండుతున్నాయి. అప్పుడు శరణ్య తలుపు తోసుకుని, "అయ్యో పాలు! ఇద్దరున్నరు, ఒక్కలన్న చూడరా?" అని పరిగెత్తింది.

అతను వెనక్కి తిరిగి నల్లబడ్డ గిన్నెని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను నా బ్యాగులో ఏదో వెతుక్కున్నాను.

లిఫ్టు దాకా వచ్చి సాగనంపాడు. "మేడమ్, ఆ రోజు సీసాలన్నీ మీరే తెరవాలె. ముందు మీరే వాసన చూడాలె. మీరు సరే అన్నదే టేబుల్ మీదికి వస్తది. వేరే ఎవరి మీదా నాకు నమ్మకం లేదు."

సరేనన్నాను. నా మాటలు అయిపోయాయి, ఇక చాకిరీ కూడా కావాలి.

అతనికి జలుబు చేసి ఉంటుంది. నవంబరులో ఢిల్లీలో ఎవరికి లేదు జలుబు.

నవంబరు 9

జలుబు కాదు.

నవంబరు 12

నాకెవరూ ఏమీ చెప్పలేదు. చెప్పని విషయం నాకు తెలిసినట్టు లెక్క కాదు.

నవంబరు 19, బుధవారం

గౌరి ఒక వీడియో పంపింది. ఎవరో యాంకర్‌తో పృథ్వీరాజ్. ఆమె అడిగింది, "వైన్ గురించి ఇంత బాగా ఎలా రాస్తారు?" అని. అతను తల వంచుకుని, సిగ్గుపడుతున్నట్టు: "చిన్నప్పుడు మా నాన్న పొగాకు బేరన్... ఆ వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది."

ముక్కులోనే ఉందట.

మూడుసార్లు చూశాను. నాలుగోసారి చూస్తుంటే సదాశివరావు గారు వచ్చారు. "ఎవరోయ్ ఆ కుర్రాడు, బాగా మాట్లాడుతున్నాడే. వాళ్ళకీ పొగాకేనా?"

"ఆఁ, వాళ్ళకీ పొగాకే" అన్నాను.

చెప్పొచ్చు ఈయనకి. చెబితే వెళ్ళి పెద్దమనిషిలా మాట్లాడి, రాజీ చేసి, టీ తాగి వస్తారు. నాకు రాజీ వద్దు.

నవంబరు 29

రేపే. ఇస్త్రీ చీర తీసి పెట్టుకున్నాను. నా మనసులో ఏమీ లేదు.

నవంబరు 30, ఆదివారం

వరసగా రాయాలి, ఒక్కటీ పోకూడదు.

వాళ్ళ అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో ఏర్పాటు. పదకొండింటికి వెళ్ళాను. వెనక చిన్న వంటగది, ఒక్కో వైన్‌కి రెండేసి సీసాలు, ఒకటి వాడటానికి, ఒకటి అవసరం పడితే. ఒక్కోటీ తెరిచి, చుక్క పోసుకుని, వాసన చూసి, కాగితం చుట్టి, నంబరు వేస్తూ వచ్చాను. ఒకటి నుంచి నాలుగు దాకా అన్నీ బాగున్నాయి.

ఐదోది ఇటలీది. కార్క్ లాగగానే తెలిసింది. తడిసి ముద్దయిన గోనెసంచి, వానకి నానిన పాత పేపర్లు. కార్క్‌కి ఏదో పట్టి సీసా మొత్తం పాడవుతుంది, అప్పుడప్పుడూ జరిగేదే. తాగితే ఏం కాదు. నాలుకకి పెద్ద తేడా తెలియదు కూడా, కంపంతా ముక్కుకే. వందలో ఒకటో రెండో ఇలాంటివి వస్తాయంటారు. నా మూడేళ్ళలో ఇంత ఘాటుగా పాడైనది చూడలేదు.

రెండో సీసా పక్కనే ఉంది. తెరిచాను. శుభ్రంగా ఉంది.

రెండూ ముందు పెట్టుకుని నిలబడ్డాను. గోడ గడియారంలో పన్నెండుకి ఏడు నిమిషాలు తక్కువ. శరణ్య హాల్లో గ్లాసులు సర్దుతోంది, చప్పుడు వినిపిస్తోంది. మంచిదానికి మూత పెట్టి సింకు కింద పెట్టాను. పాడైనదానికి కాగితం చుట్టాను. మార్కరు పెన్నుతో 5 అని వేశాను. అంకె గుండ్రంగా వచ్చింది.

హోటల్ వాళ్ళు ముగ్గురు. వాళ్ళలో పెద్దావిడ పేరు ప్రీతి, పంజాబీ, పొట్టి జుట్టు, తక్కువ మాట్లాడుతుంది. నేను పృథ్వీరాజ్ పక్క కుర్చీలో. మొదటి నాలుగూ బాగా చెప్పాడు. రంగు చూసి, నాలుక మీద తిప్పి, వయసు చెప్పాడు, దేశం చెప్పాడు, రెండింటికి ద్రాక్ష పేరు కూడా సరిగ్గా చెప్పాడు. నిజం రాయాలి కదా. నాలుక ఉన్నవాడే.

ప్రతిసారీ నా వైపు ఒక చూపు. ప్రతిసారీ నేను తల ఊపాను.

ఐదోది పోశారు. నా గ్లాసులోంచి కంపు అడుగు దూరానికి కొడుతోంది. అతను గ్లాసు ఎత్తి, కళ్ళు మూసుకుని, గట్టిగా లోపలికి పీల్చాడు. కళ్ళు తెరిచి నా వైపు చూశాడు.

నేను తల ఊపాను.

నవ్వాడు. తాగాడు. "ఇది నా మనసుకి దగ్గరిది" అని మొదలుపెట్టాడు ఇంగ్లీషులో. "దీనిలో మా నాన్న పొగాకు బేరన్ ఉంది. తలుపు తీయగానే వేడిగాలి..."

ప్రీతి గ్లాసు కింద పెట్టేసింది. "సర్, యే తో కార్క్‌డ్ హై."

"జీ?"

"సీసా పాడైంది. పూరా ఖరాబ్. మీకు వాసన రావట్లేదా?"

మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. మళ్ళీ. చెవులు ఎర్రబడ్డాయి. "కొంచెం మట్టి... గాలి తగిలితే వాసన తెరుచుకుంటది" అన్నాడు. హోటల్ వాళ్ళలో కుర్ర మేనేజరు నవ్వు ఆపుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ప్రీతి నా వైపు తిరిగింది. "మేడమ్, మీరు చెప్పండి."

ఈ క్షణం కోసం నేను ఒక వాక్యం కూడా సిద్ధం చేసుకోలేదు. అదే వచ్చింది. హిందీలో అన్నాను: "తడిసిన గోనెసంచి. దీనిలో ఎవరి నాన్నా లేడు."

అతను నన్ను చూశాడు. కోపం కాదు. పాలగిన్నె చూసిన రోజు చూసిన చూపు.

"రెండో సీసా ఉందా?" అంది ప్రీతి. నేనే వెళ్ళి తెచ్చి పోశాను. బాగుంది. దాని గురించి ప్రీతి నన్నే అడిగింది, నేనే చెప్పాను. ఆరోదానికీ నన్నే అడిగింది. అతను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గ్లాసు ముట్టుకోలేదు.

ఐదో నంబరు: వైన్‌కి సున్నా. మిగతాదానికి వందకి వంద.

డిసెంబరు 1

కంటినిండా నిద్రపట్టింది.

డిసెంబరు 3

ప్రీతి ఫోన్ చేసింది. పృథ్వీరాజ్‌కి కబురు పంపేశారట, వద్దని. శని, ఆదివారాల్లో వచ్చి వైన్లు చూసి నోట్సు రాసిపెడతారా అని నన్ను అడిగింది. "మీ పేరుతోనే వేస్తాం మేడమ్" అంది. ఆఫీసు నుంచి అనుమతి తీసుకోవాలని చెప్పాను. ఒప్పుకుంటాను. ఎందుకు ఒప్పుకోకూడదు?

సదాశివరావు గారు సంబరపడ్డారు. "నీ పేరేనా, ఇంద్రాణి అనే వేస్తారా?" అని రెండుసార్లు అడిగారు.

డిసెంబరు 6, శనివారం

గ్రూపు లేదు. ఎవరూ పిలవలేదు, ఎవరూ అడగలేదు. ఇంట్లో కాలీఫ్లవర్ ఊరగాయ పెట్టాను.

డిసెంబరు 9, మంగళవారం

శరణ్య ఆఫీసుకే వచ్చింది. గేటు దగ్గర నుంచి ఫోన్ చేస్తే కిందికి దిగాను. లాన్‌లో ఎండలో కూర్చున్నాం. మంకీ క్యాప్ పెట్టుకుంది, మొహం పీక్కుపోయి ఇంతైంది.

తిట్టడానికి వచ్చిందనుకున్నాను. జవాబులు కూడా అనుకుంటూ దిగాను. నా పుస్తకం, నా మాటలు, మా నాన్న, అన్నీ వరసగా.

"అక్కా, మా ఆయనకు కిందటేడు నవంబర్‌ల జ్వరమొచ్చింది గదా. అప్పటిసంది వాసన లేదు. ఏ డాక్టరూ ఏం జేయలేకపొయ్యిండు. వస్తది వస్తది అని ఎవరికీ చెప్పలే."

నేను మెడలో ఐడీ కార్డు తాడుని వేలికి చుట్టుకున్నాను.

"మీ పుస్తకంలవి రాసుకునుడు తప్పే. నేను అప్పుడే చెప్పిన, అడుగు అని. అడిగితే ఎందుకని అడుగుతరు గదా అన్నడు." కాసేపు గడ్డి పీకింది. "పాలు మాడిన రోజు, మీరు పొయ్యినంక ఏమన్నడో తెలుసా? మేడమ్‌కు అర్థమైంది శరణ్యా అన్నడు. నాకేం అనలే, మొహం పక్కకు తిప్పుకున్నది, నా పరువు దాచింది అన్నడు. ఏడాదిల ఆ ఒక్క దినమే మంచిగ నిద్రపోయిండు. ముప్పయ్యో తారీఖు మేడమ్ నా ముక్కు, ఇగ భయం లేదు అన్నడు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు తింటలేడక్కా. ఏది పెట్టినా అట్టముక్క తిన్నట్టున్నది అంటడు. ఇదివరకు కూడా అంతేగా, అప్పుడు తిన్నడు గదా."

"నేనేం చెయ్యాలి శరణ్యా?" అన్నాను. నా గొంతు నాకే ఫైలు మీద రాసిన మాటలా వినిపించింది.

"ఒక్కసారి ఫోన్ చెయ్యుండ్రి. ఆయన చెయ్యడు."

లంచ్ టైము అయిపోయింది. మెట్రో దాకా వెళ్ళి దింపాను. ఎక్కేముందు నా చెయ్యి పట్టుకుంది, చల్లగా ఉంది.

డిసెంబరు 10

అడగకుండా తీసుకున్నాడు. అది మారదు.

డిసెంబరు 11

అది మారదు.

డిసెంబరు 14, ఆదివారం

పదకొండింటికి ఫోన్ చేశాను. బాల్కనీలో నిలబడి. సదాశివరావు గారు కూరలకి వెళ్ళారు.

"మేడమ్" అన్నాడు. వెనకాల మిక్సీ తిరుగుతోంది, ఆగింది.

"బాగున్నారా?" అన్నాను. ఇంతకంటే చెత్త ప్రశ్న లేదు.

"ఒక్కటి అడుగుత, ఏమనుకోరు గదా? పదిహేను దినాలసంది అదే తిరుగుతున్నది తలల." గొంతు సవరించుకున్నాడు. "ఆ ఐదో సీసా మీరు వాసన చూసిన్రా? తెరిచినప్పుడు?"

కింద ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అందుకోవట్లేదు. మళ్ళీ కొట్టారు, మళ్ళీ. నేను అది అందుకునేదాకా చూశాను.

"లేదు పృథ్వీ" అన్నాను. "నాలుగు చూసేసరికి టైమైపోయింది. హడావిడిలో ఐదోది చూడకుండా చుట్టేశాను. టేబుల్ దగ్గరేమో ముక్కు మొద్దుబారింది, నువ్వు చూస్తే అలవాటుగా తల ఊపేశాను. ప్రీతి అన్నాకే తెలిసింది నాకు. తప్పు నాదే."

పృథ్వీ అని ఎప్పుడూ పిలవలేదు నేను. నువ్వు అని కూడా అనలేదు.

అవతల ఊపిరి వదిలిన చప్పుడు. నవ్వాడు కూడా. నిజంగా నవ్వాడు. "అంతే గదా! నేను ఏమేమో అనుకున్న మేడమ్. శరణ్య తిట్టింది నన్ను, ఆమెను అట్ల అనుకుంటవా అని. మర్చిపోయిన్రు, అంతే. ఎవరైనా మరుస్తరు."

"అవును" అన్నాను.

"ఇప్పుడు చెప్పొచ్చు" అన్నాడు. "మీ పుస్తకం మొత్తం ఫొటోలు తీసిన నేను. దాంట్లవే రాసిన. మీ నాయిన్ని కూడా. అడగలే. సిగ్గు లేకుండ చేసిన. పత్రిక వాళ్ళకు నిన్ననే మెయిల్ పెట్టిన, అవన్నీ ఇంద్రాణి గారివి అని. క్షమించుండ్రి మేడమ్."

రెండు నెలలు ఈ మాట కోసం ఎన్ని రకాలుగా పళ్ళు నూరానో ఈ డైరీకే తెలుసు. వస్తే ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను, ఒకటి కాదు, పది జవాబులు. వచ్చింది. నేను మూత పెట్టి సింకు కింద దాచిన మంచి సీసా సంగతి ఇప్పుడైనా చెప్పొచ్చు. ఫోన్ చెవికి ఇంకా ఉంది. అతను వింటున్నాడు.

"పర్లేదులే" అన్నాను.